పాత కాడిలాక్ కొనేముందు సంవత్సరం చూడండి

"పాత కాడిలాక్ ఒకటి చూశాను, కొనమంటారా?" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొట్టమొదట అడిగేది అది ఏ సంవత్సరానిదని. రంగు, తిరిగిన మైళ్ళు, అడుగుతున్న ధర అన్నీ ఆ తర్వాతే. కాడిలాక్‌లోనే కూపే డివిల్ అనే మోడలు తీసుకోండి. 1979 నాటిదాన్నీ 1982 నాటిదాన్నీ పక్కపక్కన నిలబెడితే చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. బానెట్ ఎత్తితే మాత్రం ఒకదాంట్లో మీ మనవడి దాకా నడిచే ఇంజను, ఇంకోదాంట్లో మీ జీతం తాగే ఇంజను. ఈ తేడా తెలియాలంటే ఈ ఖరీదైన అమెరికన్ కార్ల కంపెనీ కథ కాస్త తెలియాలి. అందుకే ముందు కథ, తర్వాత కారు కింద దూరడం.

మాది విజయవాడ పటమట. ఆటోనగర్ టింకరింగ్ షెడ్ల చప్పుడు మధ్య పెరిగాను. ఇప్పుడు మిషిగన్‌లో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ చూస్తాను. నోవై, ట్రాయ్, కాంటన్ చుట్టుపక్కల మనవాళ్ళలో చాలామందికి కూడు పెట్టేది డెట్రాయిట్ కార్ల పరిశ్రమే, కానీ వాకిట్లో చూస్తే ఎక్కువగా టయోటాలు, హోండాలు. తప్పేం కాదు, రోజూ ఆఫీసుకెళ్ళడానికి అవే మేలు. ఇల్లు కొన్నాక, పిల్లలు కాలేజీకి వెళ్ళాక కొందరికి పాత అమెరికన్ కారు మీద మనసు పడుతుంది. ఇది వాళ్ళ కోసం.

1902లో హెన్రీ ఫోర్డ్ తన రెండో కంపెనీతో పొసగక బయటికి నడిచాడు. పెట్టుబడి పెట్టినవాళ్ళు ఉన్నదంతా అమ్మేసి చేతులు దులుపుకుందామని, యంత్రాలకు విలువ కట్టమని హెన్రీ లేలాండ్‌ని పిలిచారు. తుపాకుల ఫ్యాక్టరీలోనూ కొలత పనిముట్ల కంపెనీలోనూ చేయి తిరిగిన మనిషి, వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఆయన విలువైతే కట్టాడు కానీ, "మూసేయకండి, నా దగ్గర మంచి ఇంజనుంది" అన్నాడు. 1701లో డెట్రాయిట్‌కు పునాది వేసిన ఫ్రెంచి దొర పేరు కొత్త కంపెనీకి పెట్టారు. అదే కాడిలాక్. అదే లేలాండ్ తర్వాత, కాడిలాక్‌ని కొన్న జనరల్ మోటార్స్‌తో పడక 1917లో బయటికొచ్చి లింకన్ కంపెనీ పెట్టాడు. అమెరికాలో రెండు పెద్ద ఖరీదైన కార్ల పేర్లూ ఒక్క ముసలాయన చేతి మీదుగా పుట్టాయి.

నా వృత్తిలో ఉన్నవాళ్ళకి 1908 పరీక్ష ఒక పురాణం. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అనే రేసు మైదానంలో మూడు కాడిలాక్ కార్లను నట్టు నట్టూ ఊడదీసి, ముక్కలన్నీ కలగాపులగం చేశారు. అందులోంచి 89 ముక్కలు తీసి పక్కన పెట్టి, వాటి బదులు గోదాములోంచి కొత్తవి తెచ్చారు. ఆ కుప్పలోంచి మళ్ళీ మూడు కార్లు బిగించి 500 మైళ్ళు తోలారు. ఆకురాయి పెట్టి అరగదీసే అవసరం రాలేదు. ఆ రోజుల్లో ఒక కారు బోల్టు ఇంకో కారుకి పట్టడమే అబ్బురం. దానికి డ్యూవార్ ట్రోఫీ ఇచ్చారు. "ప్రపంచానికే ప్రమాణం" అని కంపెనీ చెప్పుకోవడం వట్టి డాబు కాదు. కొనేవాడికి ఇందులో ఉన్న లాభం ఏమిటంటే, మీ 1978 కారు తలుపు పాడైతే ఎండదేశం టెక్సస్‌లో పడున్న అదే మోడలు 1977 కారు తలుపు తెచ్చి బిగించుకోవచ్చు.

తర్వాతది సెల్ఫ్. 1912 దాకా కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టో దవడో విరిగేది. అలా దెబ్బ తగిలి లేలాండ్ స్నేహితుడొకడు పోయాడనీ, ఆ బాధతోనే ఆయన పట్టుబట్టాడనీ చెప్పుకుంటారు. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కరెంటు సెల్ఫ్ చేసి ఇచ్చాడు, దాంతోపాటే కరెంటు దీపాలూ వచ్చాయి. రెండో డ్యూవార్ ట్రోఫీ దీనికే. 1915 మోడలుకి వీ8 ఇంజను, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్నది, పెట్టి పెద్ద సంఖ్యలో అమ్మారు. 1930లో, దేశమంతా దివాలా తీస్తున్న వేళ, 16 సిలిండర్ల కారు తెచ్చారు. దాన్ని మనం మ్యూజియంలో చూసి దణ్ణం పెట్టుకోవడమే. మిషిగన్‌లోనే హికరీ కార్నర్స్‌లో గిల్మోర్ మ్యూజియం ఆవరణలోనే కాడిలాక్-లసాల్ క్లబ్బువాళ్ళ భవనం ఉంది. కొనాలన్న ఆలోచన ఉన్నవాళ్ళు ముందు ఒక శనివారం అక్కడ గడపండి.

ఇక అందరికీ గుర్తుండే తోకరెక్కలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన లాక్‌హీడ్ పీ-38 విమానం చూసి కంపెనీ డిజైనర్ హార్లీ ఎర్ల్ బృందం 1948 కారుకి చిన్న రెక్కలు తగిలించింది. అవి ఏటేటా పెరిగి పెరిగి 1959లో తూటాల్లాంటి జంట ఎర్రదీపాలతో ఆకాశానికంటాయి. 1965కి పూర్తిగా పోయాయి. 1959 కారుని ఫోటోలో చూసి మనసు పారేసుకునేవాళ్ళే ఎక్కువ. నా మాట వినండి, మొదటి కారుగా అది వద్దు. క్రోమ్ పూత పోయిన బంపరు ఒక్కటి బాగుచేయించడానికి అయ్యే ఖర్చుతో ఇంకో పాత కారే వస్తుంది. రెక్కల మీద మరీ మోజుంటే 1963, 1964 చూడండి. రెక్క పొట్టిదైనా గీత అందంగా ఉంటుంది, ధర తక్కువ. 1964లోనే ఏసీకి మీరు డిగ్రీలు చెబితే అదే వేడో చల్లదనమో చూసుకునే ఏర్పాటు వచ్చింది. చీకటి పడితే వాటంతటవే వెలిగే హెడ్‌లైట్లూ ఆ ఏడాదివే.

1950ల తొలి ఏళ్ళ కారు చూడ్డానికి వెళితే యజమానిని పెట్రోలు ఎక్కడ పోస్తారని అడగండి. ఎడమవైపు టెయిల్ లైటుని పైకి ఎత్తి చూపిస్తాడు, మూత దాని వెనక ఉంటుంది. 1941లో మొదలైన చమత్కారమిది. ఆ దీపం బిగువుగా లేచి బిగువుగా మూసుకుంటే కారు ఒద్దికైన చేతుల్లో ఉందని నేను లెక్కేసుకుంటాను.

1970లకి వస్తే అసలు సంగతి సైజు. 1976 సెడాన్ డివిల్ పొడవు దాదాపు 5.86 మీటర్లు. మన మారుతి 800 పొడవు 3.3 మీటర్లు. కాబట్టి టేపు తీసుకుని గ్యారేజీ కొలవండి. గోడకున్న అరలు, వాటర్ హీటరు, పిల్లల సైకిళ్ళు తీసేసి కొలవండి. మా ఆవిడ "ముందు దీనికి ఇల్లు కట్టండి, తర్వాత మనకి" అన్నది ఊరికే కాదు. ఆ ఏడాది ఎల్డొరాడో ఓపెన్ టాప్ కారు మీద ఇంకో కథ ఉంది. అమెరికాలో ఇదే ఆఖరి ఓపెన్ టాప్ అని ప్రచారం చేశారు. జనం ఎగబడి కొని, కవరు కప్పి దాచుకున్నారు. 14,000 చేశారు. 1984లో కంపెనీ మళ్ళీ ఓపెన్ టాప్ తెచ్చేసరికి దాచుకున్నవాళ్ళు మండిపడి కోర్టుకెక్కారు. ఇవాళ మీకు దీనివల్ల లాభమే, తక్కువ తిరిగిన కార్లు బోలెడు దొరుకుతాయి. "ఆఖరిది, అరుదైనది" అని ఎవరైనా రేటు పెంచితే నవ్వి ఊరుకోండి. టాపు మాత్రం మీ కళ్ళముందు రెండుసార్లు తెరిపించి మూయించండి. దాని గేర్లు విరిగితే బాగుచేసేవాళ్ళు తక్కువ.

కారు గుర్తింపు నంబరు (వీఐఎన్) చదవడం నేర్చుకోండి, చాలా మోసాలు అక్కడే ఆగుతాయి. 1976 ఎల్డొరాడో ఓపెన్ టాప్ నంబరు 6ఎల్67ఎస్6క్యూ అని మొదలవుతుంది. మొదటి 6 కాడిలాక్, ఎల్ ఎల్డొరాడో, 67 ఓపెన్ టాప్, ఎస్ 8.2 లీటర్ల ఇంజను, తర్వాతి 6 సంవత్సరం, క్యూ డెట్రాయిట్ ఫ్యాక్టరీ. 67 బదులు 47 ఉంటే అది పుట్టుకతో పైకప్పున్న కారు, ఎవరో తర్వాత కోశారు. 1981 నుంచి 17 అక్షరాల నంబరు. అందులో ఎనిమిదోది ఇంజను, పదోది సంవత్సరం.

ఇప్పుడు నా అసలు సలహా. మొదటిసారి కొనేవాళ్ళకి 1977, 78, 79 డివిల్. ఆ ఏడాదుల్లో కంపెనీ కారుని కాస్త కుదించింది, బరువు తగ్గింది. లోపల కాళ్ళకి జాగా తగ్గలేదు. 7 లీటర్ల ఇనప వీ8, మామూలు కార్బురేటరు, కంప్యూటర్ల గోల లేదు. నాది 1978 సెడాన్. దాని ఇంజను గురించి చెప్పడానికి నా దగ్గర కథలేమీ లేకపోవడమే దాని గొప్పతనం.

ఆ తర్వాతి దశాబ్దంలో కంపెనీ తొందరపడింది. పెట్రోలు ధరలు, ప్రభుత్వం పెట్టిన మైలేజీ నిబంధనలు రెండువైపులా తరుముతుంటే, ఇంకా పండని ఇంజన్లని మార్కెట్లోకి వదిలింది. 5.7 లీటర్ల డీజిలు ఒకటి, దాని హెడ్ బోల్టులు డీజిలు ఒత్తిడికి ఆగేవి కావు. 1981లో ఎనిమిది సిలిండర్ల ఇంజను అవసరాన్నిబట్టి ఆరుతోనూ నాలుగుతోనూ నడిచే ఏర్పాటు తెచ్చారు. ఆలోచన మంచిదే, ఇవాళ చాలా కార్లలో ఉంది, కానీ అప్పటి కంప్యూటరు దాన్ని మోయలేకపోయింది. మెకానిక్‌లు ఒక వైరు పీకేసి ఎప్పుడూ ఎనిమిదితోనే నడిచేలా చేసేవాళ్ళు. అలా వైరు పీకిన కారు దొరికితే భయపడక్కర్లేదు, 6 లీటర్ల ఆ ఇంజను గట్టిది.

భయపడాల్సింది 1982లో వచ్చిన 4.1 లీటర్ల ఇంజనుకి. అల్యూమినియం బ్లాకు మీద ఇనప హెడ్లు. రెండూ వేడికి ఒక్కలా సాగవు, గ్యాస్కెట్లు వదులై రేడియేటరు నీళ్ళు ఇంజనాయిల్లో కలుస్తాయి, బేరింగులు పోతాయి. నంబరులో ఎనిమిదో స్థానంలో 8 కనపడిందంటే ఆయిల్ మూత తీసి చూడండి. అడుగున పాలమీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే థాంక్స్ చెప్పి ఇంటికొచ్చేయండి. ఆ ఏడాదే షెవర్లేవాళ్ళ చవక కారు కవలియర్‌కి కాడిలాక్ బొమ్మ తగిలించి సిమరాన్ అని అమ్మారు. దాని గురించి ఇంతకంటే రాయను.

1987లో వచ్చిన అలాంటే అనే మోడలు కథ విన్నప్పుడల్లా నాకు నవ్వాగదు. బాడీలు ఇటలీ ట్యూరిన్‌లో పినిన్‌ఫరీనా అనే కంపెనీ చేయడం, వాటిని బోయింగ్ 747 విమానాల్లో ఒక్కో ట్రిప్పుకి 56 చొప్పున డెట్రాయిట్‌కి మోయడం, ఇక్కడ ఇంజను బిగించడం. ఏ అకౌంటెంటు సంతకం పెట్టాడో! కారు అందంగానే ఉంటుంది, ధరా తక్కువే. విడిభాగాలు దొరకడమే కష్టం.

1993లో వచ్చిన నార్త్‌స్టార్ ఇంజనుతో నడిచే సెవిల్, డివిల్ కార్లు ఇవాళ చాలా చవగ్గా కనపడతాయి. ఎందుకు చవకో తెలుసుకుని వెళ్ళండి. తోలితే పట్టులా పరిగెడుతుంది. ఇంజనుని చల్లబరిచే ద్రవం, అదే కూలెంటు, మొత్తం పోయినా సిలిండర్లను వంతులవారీగా చల్లార్చుకుంటూ ఇంటికి చేర్చే తెలివి దానికుంది. కానీ హెడ్ బోల్టుల మరలు అల్యూమినియం బ్లాకులో పట్టు వదిలేస్తాయి. ఆ మరలకి ఉక్కు తొడుగులో స్టడ్లో వేయించాలి, దానికి ఇంజను కిందికి దించాల్సి రావచ్చు, బిల్లు కారు ధరని దాటుతుంది. కొనే ముందు కూలెంటు సీసా మూత తీసి, ఇంజను నడుస్తుండగా బుడగలు వస్తున్నాయేమో చూడండి. రేడియేటరు మీద పెట్టి చూసే నీలిరంగు ద్రవం పరీక్ష చేయించండి, పొగ లీకుంటే అది పసుపు రంగుకి తిరుగుతుంది. ఈ ఇంజనులో సెల్ఫ్ మోటారు ఇంటేక్ మానిఫోల్డ్ కింద, వీ ఆకారం లోయలో దాక్కుని ఉంటుంది. ప్రపంచానికి సెల్ఫ్ ఇచ్చిన కంపెనీయే దాన్ని ఎవరికీ అందకుండా పెట్టింది.

వెనక చక్రాలతో నడిచే పెద్ద కారు కావాలి, రోడ్డు మీద పికప్ కూడా కావాలంటే 1994, 95, 96 ఫ్లీట్‌వుడ్ మోడలు చూడండి. నంబరులో ఎనిమిదో అక్షరం పీ. షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్ కుటుంబానికి చెందిన 5.7 లీటర్ల ఇంజను. దీనికున్న ఒకే ఒక్క జబ్బు, డిస్ట్రిబ్యూటరు నీళ్ళ పంపు కిందే ఉండటం. పంపు కారితే అది తడిసి ఇంజను తడబడుతుంది. పంపు ఎప్పుడు మార్చారో, రసీదుందో అడగండి.

కారు దగ్గరికి వెళ్ళాక ఏం చేయాలో చెబుతాను. ముందురోజే చెప్పండి, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉందంటే మొదటి స్టార్టులో వచ్చే పొగనో చప్పుడునో మీకు చూపించడం ఇష్టం లేదన్నమాట. చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ ఆయిలు, ఆగకుండా వచ్చే తియ్యటి వాసన తెల్లపొగ కూలెంటు.

మిషిగన్‌లో అసలు శత్రువు తుప్పు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కారుని కిందనుంచి తింటుంది. చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి చక్రాల పైన, తలుపుల కింది అంచుల్లో, వెనక బాడీ కింది భాగాల్లో జరుపుతూ పొండి. అంటుకోని చోట లప్పం ఉంది. మా ఆటోనగర్ టింకరింగ్ మేస్త్రీలకి అయస్కాంతం కూడా అక్కర్లేదు, వేలి కణుపుతో కొట్టి చప్పుడు బట్టి చెప్పేవాళ్ళు. రేకు ఖంగుమంటుంది, లప్పం దబ్ మంటుంది. మీరూ ప్రయత్నించండి, ఒక పూటలో చెవికి పట్టుబడుతుంది.

వినైల్ గుడ్డ కప్పిన టాపు ఉంటే వెనక అద్దం చుట్టూ అంచుల్ని వేలితో నొక్కండి. గుడ్డ కింద బుడగల్లా తగిలితే, నొక్కితే కరకరలాడితే, లోపల రేకు పోయింది. డిక్కీలో తివాచీ ఎత్తండి, స్టెప్నీ తీసి అడుగు చూడండి. కారు కింద టార్చి వేసి వెనక యాక్సిలుకి కాస్త ముందు ఛాసిస్‌ని స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. రేకు పైపైన తుప్పుంటే బాగుచేసుకోవచ్చు. ఛాసిస్ పొరలు పొరలుగా ఊడుతుంటే మాత్రం ఫ్రీగా ఇచ్చినా వద్దు.

బంపరుకీ బాడీకీ మధ్య రంగువేసిన మెత్తటి ప్లాస్టిక్ ముక్కలుంటాయి. 1970ల మధ్య నుంచి బంపర్లు దెబ్బ తగిలితే లోపలికి జరిగేలా చేశారు, ఆ జాగా కప్పడానికి వీటిని పెట్టారు. ఎండకీ చలికీ ఇవి బిస్కట్టులా అయిపోతాయి, వేలు పెడితే పిండిగా రాలతాయి. ఇవి విరిగాయని కారు వదిలేయకండి, ఫైబర్‌తో చేసిన కొత్తవి దొరుకుతాయి. బేరమాడటానికి మాత్రం బాగా పనికొస్తాయి.

కరెంటు సామాను ఓపిగ్గా, ఒక్కొక్కటి నొక్కి చూడండి: కిటికీలు, సీటు, యాంటెన్నా, ఏసీ. డిక్కీ మూత కొన్నిటిలో అంచుకి ఆనగానే మోటారు తనంతట తనే లాక్కుని మూస్తుంది, అది పనిచేస్తుందో లేదో చాలామంది చూడరు. 1994కి ముందు కార్లలో ఏసీ గ్యాసు ఆర్-12, దాని తయారీ ఆగిపోయింది. కొత్త గ్యాసుకి మార్చారా అని అడగండి. డ్రైవింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు ఏసీ పూర్తిగా పెట్టి, ఎత్తు ఎక్కించి, తర్వాత సిగ్నల్ దగ్గర నిలబెట్టి, ఇంజను వేడి ముల్లు మీద కన్నేయండి. స్టీరింగ్ ఒక వేలితో తిరుగుతుంది, రోడ్డు మీద గుంట పడ్డట్టే తెలియదు, వెనక కూర్చున్నవాళ్ళు నిద్రపోతారు. ఈ హాయి కోసమే కొంటున్నాం. కానీ ఆ మెత్తదనం వేరు, షాక్ అబ్జార్బర్లు పోయిన ఊగుడు వేరు. బ్రేకు వేస్తే ఒకసారి తల వంచి లేవాలి, రెండు మూడుసార్లు ఊగితే పోయినట్టే.

చివరగా కాగితాలు. టైటిల్ (కారు ఎవరిదో చెప్పే పత్రం) మీద నంబరూ, విండ్‌షీల్డ్ కింద డ్యాష్‌బోర్డు మీద నంబరూ అక్షరం అక్షరం కలిపి చూడండి. తాళంచెవులు ఎన్ని ఉన్నాయో అడగండి. 1970ల చివరి కార్లలో చదరపు తలది ఇంజనుకి, గుండ్రటిది తలుపులకీ డిక్కీకీ. రెండూ అసలువే ఇచ్చినవాడి దగ్గర సాధారణంగా పాత రసీదుల కట్ట కూడా ఉంటుంది. మిషిగన్‌లో 25 ఏళ్ళు దాటిన కారుకి హిస్టారిక్ అనే ప్రత్యేక నంబరు ప్లేటు తీసుకోవచ్చు, కానీ దాంతో రోజూ ఆఫీసుకి వెళ్ళకూడదు. పరేడ్లకి, ప్రదర్శనలకి, క్లబ్బు పనులకి తోలుకోవచ్చు. ఇన్సూరెన్సు పాత కార్లకిచ్చే రకం తీసుకుని, కారు విలువ ఎంతో పాలసీలో ముందే రాయించుకోండి. లేకపోతే ఎవరైనా గుద్దినప్పుడు వాళ్ళ లెక్కలో మీది వట్టి నలభై ఏళ్ళ పాత బండి.

ఎవరిని అడగాలో తెలియకపోతే ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూకి రండి. 1995లో మొదలైన డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల పండగ అక్కడ జరుగుతుంది, రోడ్డు పొడవునా పాత కార్లే. మడత కుర్చీ వేసుకుని కారు పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరైనా కనపడితే వెళ్ళి, ఈ కారులో మీకు బాగా విసుగు తెప్పించింది ఏమిటండీ అని అడగండి. అందం గురించి అడిగితే రెండు ముక్కలు చెబుతారు. విసుగు గురించి అడిగితే బానెట్ ఎత్తి గంటసేపు చూపిస్తారు.